ఉసిళ్లు లేచే పొద్దు

తెల్లారి నాలుగున్నరకి
పసుపు జీపులో రన్‌వే మీదికి వెళ్తాను.
అద్దం దించి, లైటు వేసి,
సైకిలంత నెమ్మదిగా.
ఒక బోల్టు, ఒక కంకరరాయి,
ఎవరి పెట్టెదో విరిగిన చక్రం ముక్క,
ఏది దొరికినా సంచిలో వేసి టైము రాయాలి.
నేను చూడని మేకు ఒక్కటి చాలు,
ఇంజను మింగడానికి.

సాలూరు ఘాట్ మలుపుల్లో పెరిగినవాణ్ణి,
ఇంత తిన్నని దారి ఎప్పుడూ ఎరగను.
దీని మీద మాత్రం ఎక్కడికీ వెళ్లను.
సముద్రం వాసన తగిలే చివరిదాకా పోయి
వెనక్కి తిరుగుతాను.

గడ్డి కోసే ఎర్నమ్మ గేటు దగ్గర కలుస్తుంది,
నేతచీర మీద కాంట్రాక్టరిచ్చిన మెరుపు కోటు,
నడుముకి కొడవలి కాదు, గుర్తింపు కార్డు.
గడ్డి జానెడుండాలి ఇక్కడ.
పొట్టిదైతే కొంగలు దిగుతాయి,
పొడుగైతే ఎలకలు,
ఎలకల కోసం పాములు,
రెంటి కోసం గద్దలు.
"పంటకైతే కోతకో రోజుంటాది బాబూ,
దీనికి ఏడాదంతా కోతే.
గింజ మాత్రం ఉండదు."

ఒకసారి, విమానం చక్రాలు నేలకి తగిలేచోట,
రబ్బరు నల్లగా పూసుకుపోయినచోట,
జీపాపమంది.
దిగలేదు. వేలు చూపించింది.
"ఇక్కడ మా నుయ్యి."
తరవాత జీడితోట గురించి ఏదో చెప్పబోయి
రేడియో గరగరమంటే ఊరుకుంది.

ఆ రోజు మృగశిర మొదటి వాన.
సాయంత్రం గాలిసంచి ఒక్కసారి సముద్రం వైపు తిరిగి
మళ్లీ వాలిపోయింది.
ఎర్నమ్మ ముక్కు ఎగబీల్చింది.
"రేపు ఉసిళ్లు లేత్తాయి. సెప్పు మీవోళ్లకి."
చెప్పాను.
భోపాల్ నుంచి బదిలీ అయిన మా ఆఫీసరు
కళ్లద్దాలు సర్దుకుని అడిగాడు,
సమాచారం ఎక్కడిది?
ముక్కుది అని ఏ గడిలో రాయను?

తెల్లారేసరికి
అంచు దీపాల చుట్టూ కోట్ల రెక్కలు.
రాలినవి తారు మీద తడి పొట్టులా అంటుకున్నాయి,
పుట్టల్లోంచి ఇంకా పొగలా లేస్తున్నాయి.
వాటి మీదకి కాకులు, గోరింకలు,
గోస్తని గట్టు నుంచి కొంగలు,
ఆకాశంలో గుండ్రంగా గద్దలు,
పెళ్లి పందిట్లో పిలవకుండా కూర్చున్నట్టు.
టపాసు పేల్చాను. లేచాయి.
లేచి, ఇంకో వంద గజాల అవతల కూర్చున్నాయి.
ఆకలికి చప్పుడంటే ఏపాటి భయం?

హైదరాబాద్ విమానం అప్పటికే దీపాలు వేసుకుని
మబ్బుకింద కనబడుతోంది,
నూటనలభై మంది, నిద్రమొహాలతో.
రేడియోలో నా గొంతు నాకే తెలియలేదు:
రన్‌వే మీద పక్షులు. దిగొద్దు.

రెండు క్షణాలు ఎవరూ మాట్లాడలేదు.
తరవాత ముక్కు పైకెత్తి
మా నెత్తి మీంచి ఉరుముకుంటూ
అది మళ్లీ మబ్బులోకి పోయింది.

లోపల ఎవరో విసుక్కునే ఉంటారు,
ఎవరి కాఫీయో ఒలికే ఉంటుంది.
"ఎల్లిపోనాదేటి?"
"తిరిగొస్తాది."
"రానీ. తొందరేటి?"
అని ఎర్నమ్మ చీపురందుకుంది.

పావుగంట.
ఊడ్చాం, అరిచాం, పేల్చాం, హారను మోగించాం.
ఎండ కాస్త ఎక్కాక పురుగు ఆగింది,
పిట్టలు వాటంతటవే లెక్క ముగించాయి.
విమానం దిగింది.
నుయ్యి ఉన్నచోట నీలిపొగ రేగి
వెంటనే విడిపోయింది.

రిజిస్టరులో రాశాను:
నష్టం ఏమీ లేదు.
ఆఫీసరు సంతకం పెట్టి,
పెన్ను మూస్తూ, నెమ్మదిగా అడిగాడు,
ఆవిడ రేపటి గురించి ఏమంటోంది?

గేటు బయట ఎర్నమ్మ
టిఫిను డబ్బా మూత తీసి పట్టింది.
అడుగున దోసెడు ఉసిళ్లు, రెక్కలు దులిపినవి.
"ఉప్పేసి ఏపితే
అచ్చం జీడిపప్పే బాబూ."

ఆ రుచి ఆవిడకి తెలీదని
ఎవరంటారు?